చదివేవాళ్లున్న నోట్‌బుక్

చదువులో కంప్యూటర్‌ని, ఇంటర్నెట్‌ని మంచిగా వాడుకున్నవాళ్లకి యునెస్కో ఒక బహుమతి ఇస్తుంది. 2005లో పెట్టారు. డబ్బు బహ్రెయిన్ ఇస్తుంది, పేరు ఆ దేశపు రాజు హమద్ బిన్ ఈసా అల్ ఖలీఫాది. 2017కి గాను ఆ బహుమతి రెండు పథకాలకు దక్కింది. ఒకటి మొరాకో ప్రభుత్వానిది, రెండోది మన దేశపు 'క్లిక్స్'. టాటా ట్రస్ట్స్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎం.ఐ.టి. కలిసి మొదలుపెట్టిన ఈ పని రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలతో పాటు తెలంగాణ ప్రభుత్వ హైస్కూళ్లలోనూ జరిగింది. అంటే బహ్రెయిన్ పేరు మీదున్న బహుమతి తెలుగు మీడియం పిల్లలు కూర్చున్న కంప్యూటర్ గదుల దాకా వచ్చింది. బహ్రెయిన్‌లో పాఠం చెబుతున్న తెలుగు టీచర్లకి బ్లాగును పరిచయం చెయ్యమంటే నేను ఆ గదుల నుంచే మొదలుపెడతాను. అక్కడి పనితనం అంత బాగుంది.

ముందు ఆ దేశం గురించి నాలుగు మాటలు. గల్ఫ్‌లో ఆధునిక బడి తొందరగా వచ్చిన చోట్లలో బహ్రెయిన్ ఒకటి. ముహర్రఖ్‌లో మగపిల్లల బడి 1919లో మొదలైతే, ఆడపిల్లల బడి 1928కే వచ్చింది. మనవాళ్ల పిల్లలు చాలామంది చదివే ఇండియన్ స్కూల్ 1950 నాటిది. 'రాజా హమద్ భవిష్యత్తు పాఠశాలలు' పేరుతో 2005 ప్రాంతంలోనే ప్రభుత్వ బడుల్లోకి కంప్యూటర్ పాఠాలు తెచ్చారు. 2008లో బహ్రెయిన్ విశ్వవిద్యాలయంలో టీచర్ల కోసమే ఒక కాలేజీ పెట్టారు. యంత్రాలకి అక్కడ కరువు లేదు. కావలసిందల్లా వాటితో పిల్లల చేత ఏం రాయించాలన్న ఆలోచన.

క్లిక్స్ వాళ్లు ఆ ఆలోచన దగ్గరే తమ నేర్పు చూపించారు. మొదటిది, నెట్ వస్తుందో రాదో తెలియని బడికి నెట్ అక్కర్లేని ఏర్పాటు. బడిలోనే ఒక కంప్యూటర్‌ని సర్వర్‌గా పెట్టి, పాఠాలూ పిల్లల రాతలూ అన్నీ అందులోనే దాచారు. బయటి లైను తెగినా తరగతి ఆగదు. రెండోది నాకు మరీ నచ్చింది. కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. సాధారణంగా ఇలాంటి చోట ఒకడు మౌస్ పట్టుకుంటాడు, మిగతావాళ్లు వెనక నిలబడతారు. ఇక్కడ ఒకడు లాగిన్ అయ్యాక పక్కన కూర్చున్న స్నేహితుల పేర్లు కూడా చేర్చే వీలు పెట్టారు. చేసిన పని అందరి ఖాతాలోనూ పడుతుంది. మౌస్ పట్టుకోనివాడు కూడా లెక్కలో ఉన్నాడు! కొరతను పాఠంలో భాగం చేసిన తెలివి అది. ఇద్దరు కలిసి ఒక వాక్యం రాయాలంటే ముందు దాని గురించి మాట్లాడుకోవాలి కదా.

ఆ వేదికలో పిల్లలకి ఒక నోట్‌బుక్, ఒక గ్యాలరీ ఉండేవి. తాము రాసింది, గీసింది అందులో పెడితే తోటివాళ్లు కింద వ్యాఖ్య రాయవచ్చు. దీన్ని అచ్చంగా బ్లాగు అనలేం, లోకానికంతా తెరిచి పెట్టింది కాదు. కానీ తరగతికి పనికొచ్చే బ్లాగు గుణం మొత్తం ఇందులో ఉంది: రాసినదానికి తేదీ ఉంటుంది, చదివేవాళ్లు ఉంటారు, జవాబు వస్తుంది. మామూలు నోటుపుస్తకానికి పాఠకుడు ఒక్కడే, అతని చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది. పక్క బెంచీ పిల్ల చదువుతుందని తెలిసిన కుర్రాడు గైడులోంచి దింపడానికి సిగ్గుపడతాడు. ఆ పిల్ల దగ్గరా అదే గైడు ఉంటుంది మరి.

టీచర్లని ఈ పనిలోకి దించిన తీరు కూడా చెప్పుకోదగ్గది. ఒకరోజు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపెయ్యలేదు. ఫోనులో టెలిగ్రామ్ బృందాలు పెట్టి, తరగతిలో ఎదురైన చిక్కులని టీచర్లే ఒకరికొకరు రాసుకునేలా చేశారు. తమ పాఠాన్ని తామే తరచి చూసుకోవడం నేర్పే ఒక పోస్టుగ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సు కూడా టాటా ఇన్‌స్టిట్యూట్ నడిపింది. నా నమ్మకం ఒకటే: తను రాయని టీచరు పిల్లల చేత రాయించలేరు. క్లిక్స్ వాళ్లు ఆ వరసని సరిగ్గా పట్టుకున్నారు.

పిల్లల చేత రాయించి, తోటి పిల్లల చేత చదివించే ఈ దారికి పాత వేర్లున్నాయి. ఫ్రాన్స్‌లో సెలెస్తాం ఫ్రెనే అనే బడిపంతులు మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై ఇంటికొచ్చాడు. గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పే శక్తి లేదు. 1924లో బార్-సుర్-లూ అనే పల్లెలో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి, పిల్లలు రాసినవి పిల్లల చేతే అక్షరాలు కూర్పించి అచ్చు వేయించాడు. ఆ కాగితాలు దేశానికి మరో కొసనున్న బడికి పోస్టులో వెళ్లేవి, అక్కడి పిల్లల రాతలు తిరిగి వచ్చేవి. మన దగ్గర అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి ప్రకృతి బడి నుంచి 2008లో వచ్చిన 'కొత్తపల్లి' పిల్లల పత్రికదీ ఇదే దారి. పిల్లలు చెప్పిన, రాసిన కథలు బొమ్మలతో సహా నెట్‌లో ఉచితంగా దొరికాయి.

ఇప్పుడు బహ్రెయిన్‌కి వద్దాం. చూడగానే పిల్లల చేత రాయించబుద్ధయ్యే వస్తువు అక్కడ ఇంటి పక్కనే ఉంది. పాత ముత్యాల వేటని గుర్తుచేసే ముహర్రఖ్‌లోని ముత్యాల బాట 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 'ముత్యాల వేట గురించి వ్యాసం రాయండి' అంటే ముప్పై మంది ఒకే వ్యాసం తెస్తారు. ప్రశ్నని చెక్కాలి. ముత్యాల పడవలో నీళ్లలోకి దిగేవాణ్ణి ఘైస్ అనేవారు. పైన ఉండి అతని తాడు పట్టుకునేవాడు సైబ్. ఘైస్ ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని అడుక్కి వెళ్లేవాడు. ఊపిరి అయిపోవచ్చాక తాడు గుంజితే సైబ్ పైకి లాగేవాడు. పిల్లల్ని ఇలా అడగండి: 'నువ్వు సైబ్‌వి. తాడు చేతిలో ఉంది. ఇంకా కదలలేదు. ఆ కాసేపట్లో నువ్వేం చూస్తున్నావు, ఏం లెక్కపెడుతున్నావు?' ఇందులో తెలుసుకుని రాయాల్సిన నిజం ఉంది, తనంతట తాను ఊహించుకోవాల్సిన భాగమూ ఉంది. ఎక్కణ్ణుంచీ దింపడానికి వీల్లేదు. పది వాక్యాలు చాలు.

తెలుగులో టైపు చెయ్యడం ఎలా అన్నది తర్వాతి మాట. వీవెన్ గారు 2006లో చేసిన 'లేఖిని'ని నేను టీచర్లందరికీ చూపిస్తాను. పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె. పైన ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింద తెలుగు వస్తుంది. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న ఎన్‌తో న, పెద్ద ఎన్‌తో ణ. గల్ఫ్‌లో పెరిగే చాలామంది మన పిల్లల చెవికి ల, ళ తేడా సరిగా అందదు. 'పళ్లెం' అని కొట్టాలంటే ఆ పిల్ల ఆగి, అమ్మని అడిగి, ఏది పెద్దక్షరమో తేల్చుకోవాలి. ఫోనులోని కీబోర్డు మాటని తనే ఊహించి ఇచ్చేస్తుంది, ఆ చిన్న నిర్ణయం పిల్లకి మిగలదు. అందుకే మొదటి ఏడాది లేఖినే మేలంటాను.

వ్యాఖ్యల దగ్గర టీచరు కాస్త పట్టుదలగా ఉండాలి. 'బాగుంది', 'సూపర్' అన్నవి చదివిన గుర్తులు కావు. వ్యాఖ్యలో రెండు ఉండాలని తరగతిలో కట్టడి పెట్టండి: రాతలోంచి ఒక వాక్యం ఎత్తి చూపడం, ఒక ప్రశ్న అడగడం. ఫ్రెనే బడిలాగే మీ తరగతికీ ఇక్కడి బడి ఒకటి జత కలిసి, సైబ్ గురించి రాసిన అబ్బాయిని ఉప్పాడ తీరపు బడిలోని మత్స్యకారుల పిల్ల 'తడి తాడు చేతిలో జారదా?' అని అడిగిందనుకోండి. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వాడు ముత్యాల బాటకి మళ్లీ వెళతాడు. రెండోసారి రాసింది పెట్టినప్పుడు మొదటిది తీసెయ్యకండి, రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి. తన రాత ఎక్కడ మెరుగైందో పిల్లవాడు కళ్లారా చూడగలిగేది అక్కడే. దిద్దడం మాట కూడా చెబుతాను: అక్షరదోషాలు అందరి ముందూ వ్యాఖ్యలో ఎత్తిచూపొద్దు, పక్కకి పిలిచి చెప్పండి.

పిల్లల అసలు పేర్లు, ఫొటోలు, చదివే బడి పేరు పైకి కనిపించకూడదు. కలం పేరు పెట్టుకోమంటే వాళ్లకి సరదా కూడా. ప్రతి వ్యాఖ్యా టీచరు చూశాకే అచ్చయ్యేలా అమర్చుకునే వీలు బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంది. తల్లిదండ్రుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

కాలం కూడా మనకి అనుకూలంగానే ఉంది. బహ్రెయిన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. శుక్రవారం సాయంత్రం మనామాలో తెలుగు పిల్లలు రాసి పెట్టింది, శనివారం పొద్దున బడి పెట్టే తెలంగాణ ఊళ్లో కంప్యూటర్ గదిలో కూర్చుని చదవవచ్చు. ఆదివారం తెలంగాణలో సెలవు, బహ్రెయిన్‌లో బడి. వ్యాఖ్య రాయడానికి తెలంగాణ పిల్లలకి తీరిక, జవాబు ఆలోచించడానికి బహ్రెయిన్ పిల్లలకి వ్యవధి.

బహ్రెయిన్‌లోని తెలుగు టీచర్లకి నా విన్నపం ఒక్కటి. తరగతి మొత్తానికీ ఒకేసారి బ్లాగు తెరవకండి. ముందు మీరే ఒకటి తెరిచి, ముత్యాల బాట మీద మీ పది వాక్యాలు తెలుగులో రాయండి. తర్వాత అయిదుగురు పిల్లల్ని పిలిచి, మీ రాత కింద ప్రశ్నలు అడగమనండి.