ఎవరి పథ్యం వారిదే

గుంటూరు పల్లెల్లో పథ్యం అన్న మాట వింటే ముందు జాలి పడతారు. “పాపం, చప్పిడి తింటున్నాడట” అంటారు. పండుమిరపకాయ పచ్చడో గోంగూరో ముద్దకు తగలకపోతే ఇక్కడ అన్నం తిన్నట్టే ఉండదు. మా పెద్దనాన్నకు షుగరూ బీపీ ఏళ్ల తరబడి నడిచి, చివరికి కిడ్నీ దెబ్బతిని మూత్రంలో ఆల్బుమిన్ పోతోందని తేలినరోజు ఇంట్లో అందరి చూపూ జాడీల మీదికే పోయింది. ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో చికిత్సాస్థానంలోని ఆరో అధ్యాయం, ప్రమేహ చికిత్స (షుగరు లాంటి మూత్ర సంబంధ జబ్బుల వైద్యం), నేను చదివింది ఆ రోజుల్లోనే. ఏదైనా మందు దొరుకుతుందేమోనని తెరిచాను. మందుల మాట అటుంచి, దాని పనితనం దగ్గర ఆగిపోయాను.

మొదట కారణాల వరుస చూడండి. షుగరు అనగానే మనం తీపి దగ్గర మొదలుపెడతాం. చరకుడు కూర్చునే సుఖం దగ్గర మొదలుపెట్టాడు. దాని పక్కన నిద్ర సుఖం. ఆ తర్వాత పెరుగు, నీటిపట్టున బతికే జంతువుల మాంసం, పాలు, కొత్త ధాన్యం. బెల్లంతో చేసిన పదార్థాల వంతు చివరికి గానీ రాదు. మిర్చి కొట్లో దిండుకు ఆనుకుని పొద్దుపోయేదాకా లెక్కలు చూసుకునే మనిషి ఇది చదివితే తన గురించే రాశారనుకుంటాడు. తల్లిదండ్రుల నుంచి బీజదోషంగా వచ్చిన ప్రమేహం నయం కాదని కూడా అదే అధ్యాయంలో ఉంది. వంశపారంపర్యాన్ని గమనించిన కన్ను అది.

అసలు నేర్పు ఆ తర్వాత కనిపిస్తుంది. ప్రమేహాలు ఇరవై అని లెక్కగట్టారు: కఫం వల్ల పది, పిత్తం వల్ల ఆరు, వాతం వల్ల నాలుగు. చికిత్సకు వచ్చేసరికి మాత్రం వైద్యుడు మొదట చూడాల్సింది మనిషిని. ఒకడు లావుగా, బలంగా ఉంటాడు. ఇంకొకడు చిక్కి, నీరసించి ఉంటాడు. మొదటివాడికి శోధన, అంటే ఒంట్లోని దోషాలను బయటికి పంపడం; రెండోవాడికి పోషణ. జబ్బు పేరు ఒకటే, వైద్యం ఒకదానికొకటి ఎదురు.

మరో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు దీన్ని ఇంకొంచెం ముందుకు లాగాడు. డబ్బూ బంధువులూ లేని రోగి చెప్పులు, గొడుగు లేకుండా, ఒక ఊళ్లో ఒక రాత్రికి మించి ఉండకుండా, నూరు యోజనాలు నడవాలి. లేదా బావి తవ్వాలి. ఇంత కఠినంగా చెప్పిన పెద్దమనిషే అక్కడే బక్కవాణ్ణి ఎప్పుడూ కాపాడుకోవాలని గుర్తుచేశాడు. నాకు నచ్చింది అలా అక్కడ ఆగడమే. పథ్యం చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లే తక్కువ.

ఇక విస్తరి సంగతి. ప్రమేహికి ముఖ్యాహారం యవలు, అంటే బార్లీ. అన్నంగా, పేలపిండిగా, అప్పాలుగా, త్రిఫల కషాయంలో రాత్రంతా నానబెట్టి, ఒక్క గింజనే రకరకాలుగా వండించారు. రోజూ ఒకటే తినమంటే నాలుగో రోజుకు మొహం మొత్తుతుందని వాళ్లకు తెలుసు. దాని పక్కన పెసరకట్టు, చేదు కూరలు, పాతబియ్యం, ఆరికలు. ఆరికలూ వరిగలూ మన మెట్టకు కొత్త కాదు. పత్తి, మిరప పొలాలన్నిటినీ ఆక్రమించకముందు పల్నాడు, ప్రకాశం మెట్టల్లో పండినవే. బార్లీలోని జిగురు పీచు తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా చూస్తుందని ఇప్పటి పరీక్షలూ చెబుతున్నాయి.

ఆకుకూరల దగ్గర ఇంకో ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి చెయ్యి చూడాలి. అష్టాంగహృదయం సూత్రస్థానంలో ఆకుకూరను ఉడికించి, రసం పిండేసి, నూనో నెయ్యో చేర్చి తింటే దోషం అంతగా చేయదన్నాడు. కిడ్నీ బలహీనపడి రక్తంలో పొటాషియం నిలిచిపోయే రోగికి ఇవాళ ఆహార నిపుణులు చెప్పే పద్ధతి దీనికి చాలా దగ్గర: కూరను సన్నగా తరిగి, నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి, ఆ నీళ్లు వార్చేయాలి. కొంత పొటాషియం ఆ నీళ్లతోపాటే పోతుంది. వాగ్భటుడికి పొటాషియం తెలుసని అనను. కానీ ఆకు రసానికీ ఆకు పిప్పికీ తేడా పట్టుకున్న వంటగాడని మాత్రం అంటాను. మా పెద్దమ్మ ఏ పుస్తకం చదవకుండానే తోటకూరను అలా పిండి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ తాలింపు పెట్టేది. ఉప్పు లేని లోటును ఘాటుతో పూడ్చడం ఈ నేల నేర్పిన విద్య.

ఉప్పు మాట ఎత్తితే మళ్లీ చరక సంహితకు, అందులో విమానస్థానం మొదటి అధ్యాయానికి వెళ్లాలి. అతిగా వాడకూడని మూడింటిని చరకుడు వరుసగా పెట్టాడు: పిప్పలి, క్షారం, ఉప్పు. సింధు, సౌరాష్ట్ర, బాహ్లిక ప్రాంతాలవాళ్లు పాలల్లో కూడా ఉప్పు వేసుకుంటారని, అందుకే వాళ్ల కండ సడలిపోతుందని, జుట్టు త్వరగా నెరిసి రాలిపోతుందని రాశాడు. దానికి చెప్పిన పోలిక మన రైతుకు వెంటనే ఎక్కుతుంది: చవుడు నేలలో మొక్క మొలవదు, మొలిచినా ఏపుగా రాదు. చినగంజాం ఉప్పు కయ్యల పక్క నేలనూ, ప్రత్తిపాడు నల్లరేగడినీ చూసినవాడికి ఇంకో వివరణ అక్కర్లేదు. రక్తపోటుకు సూటిగా సరిపోయే పేరు ఆ గ్రంథాల్లో లేదు, కొలిచే పరికరమూ లేదు. ఉప్పు మీద అనుమానం మాత్రం ఉంది.

మిరప చరకుడికి తెలియదు. అది పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. కారం మీద మనకున్నంత భయం ఉప్పు మీద ఉండదు గానీ, బీపీ రోగికి జాడీలో అసలు శత్రువు ఉప్పే. ఆవకాయలో అది ఇంచుమించు కారంతో సమపాళ్లలో పడుతుంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే గోపురం లేని ఒక్క టీస్పూను. సైంధవలవణం అయితే ఫర్వాలేదనుకోవడం భ్రమ. అదీ చాలావరకు సోడియం క్లోరైడే. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో పొటాషియం కలుస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అది గుండె మీదికే తెస్తుంది.

“షుగరు, బీపీ, కిడ్నీ మూడింటికీ ఒకే కషాయం” అనే ప్రకటన చూస్తే నాకు ఈ గ్రంథాల మీద జాలేస్తుంది. మనిషిని చూడకుండా మందు చెప్పడం అంటే చరకుడు ఎత్తిన గోడను పడగొట్టడమే. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మిన 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 ఇంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో ఒక పరిశోధన బయటపెట్టింది. వడపోసే శక్తి తగ్గిన మూత్రపిండానికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవడం, బీపీని అదుపులో ఉంచుతూ కిడ్నీకీ అండగా నిలిచే మాత్రలను డాక్టరు చెప్పినట్టు మానకుండా వేసుకోవడం, వీటికి పథ్యం తోడుగా ఉంటుంది గానీ బదులు కాదు.

ఆధునిక వైద్యమూ ఇప్పుడు మనిషిని బట్టే కొలుస్తోంది. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగికి కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలంటుంది. డయాలసిస్ మొదలయ్యాక అదే మనిషికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలంటుంది. నిన్న తగ్గించమన్న పప్పునూ గుడ్డునూ ఇవాళ పెంచమంటుంది. బక్కవాణ్ణి కాపాడమన్న సుశ్రుతుడు ఈ లెక్క విని ఆశ్చర్యపోడు.

పెద్దనాన్న విషయంలో ఈ రెండు మెట్లూ చూశాను. ఒళ్లున్న రోజుల్లో పెద్దమ్మ అన్నం తగ్గించి, పొద్దున్నే చేను గట్టు మీద నడిపించేది. తర్వాత ఆయన చిక్కిపోయాడు. అయినా భయంతో ఇంకా తగ్గించుకుంటూ పోయాడు. ఒకరోజు డాక్టరుగారు బరువు చూసి కోప్పడ్డారు. ఆ సాయంత్రం నుంచి కంచంలో అన్నం పెరిగింది, ఉడికించిన గుడ్డు తెల్లసొన చేరింది. మారనిది ఒక్కటే. రోజూ పొద్దున పెద్దమ్మ చిన్న స్టీలు డబ్బా మూతలో ఆయన వంతు ఉప్పు పోసి, వేలితో చదును చేసి, పొయ్యిగట్టు మీద పెట్టేది. కూరకైనా చారుకైనా అందులోంచే చిటికెడు. రాత్రి మూతలో ఏమైనా మిగిలితే మర్నాటికి దాచేది కాదు, తిరిగి జాడీలో కలిపేసేది.

“దాస్తే రేపు రెండు వంతులు తిందామనిపిస్తుంది రా” అనేది.