డిశ్చార్జి వేరు, అక్విటల్ వేరు

ఇంగ్లిష్ వార్తను తెలుగు చేసేటప్పుడు నన్ను ఇబ్బంది పెట్టేవి కొత్త మాటలు కావు. తెలియని మాట ఎదురైతే ఎలాగూ నిఘంటువు తీస్తాం, పక్కవాళ్లను అడుగుతాం. చిక్కంతా తెలిసినట్టే కనిపించే జంట మాటలతో. చూడగానే అర్థమైపోయిందనిపించి చెయ్యి ముందుకు సాగిపోతుంది. డెస్కులో పనిచేసేవాళ్లు ఆగాల్సింది సరిగ్గా అక్కడే.

కోర్టు వార్తలే తీసుకోండి. ఒక కాపీలో ‘డిశ్చార్జ్‌డ్’ అని ఉంటుంది, ఇంకో కాపీలో ‘అక్విటెడ్’ అని. అలవాటు కొద్దీ రెండింటికీ ‘నిర్దోషిగా విడుదల’ అని హెడ్డింగ్ పడిపోతుంది. కానీ ఆ ఇద్దరూ కోర్టు నుంచి బయటపడిన దారులు వేరు. అభియోగాలు నమోదు చేయకముందే, పోలీసులు సమర్పించిన కాగితాలు చూసి, విచారణ నడిపించడానికి ఇవి చాలవని కోర్టు తేల్చితే అది డిశ్చార్జి. అప్పటికి సాక్షులు బోనెక్కలేదు, క్రాస్ ఎగ్జామినేషన్ జరగలేదు. విచారణ అంతా జరిగి, నేరం రుజువు కాలేదని తీర్పు వస్తే అది అక్విటల్. అలా బయటపడిన మనిషిని, ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం, అదే నేరానికి మళ్లీ విచారించడానికి వీల్లేదు. ప్రభుత్వం పైకోర్టులో అప్పీలు చేసుకోవాల్సిందే. డిశ్చార్జి అయినవాళ్లకు ఆ రక్షణ లేదు. కొత్త ఆధారాలు దొరికితే కేసు మళ్లీ లేవచ్చు. ఈ తేడా నా చాదస్తం కాదు. డిశ్చార్జి అక్విటల్ కిందకు రాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 300వ సెక్షన్ వివరణలోనే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 337వ సెక్షన్ అయింది.

అందుకే డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను: ‘డిశ్చార్జి అన్న మాటను అలాగే ఉంచమ్మా, కింద ఒక వాక్యంలో విషయం చెప్పు’ అని. హెడ్డింగ్‌లో రెండు అక్షరాలు పెరుగుతాయి, పెరగనీ. నాలుగేళ్ల తర్వాత అదే కేసు తిరగదోడితే, ‘నిర్దోషి అని మీరే రాశారుగా’ అని పాఠకుడు నిలదీస్తే మన దగ్గర జవాబుండదు.

ఇంతకంటే ప్రమాదకరమైనవి ‘క్వాష్’, ‘డిస్మిస్’. రెంటికీ మనం వాడేది ఒక్కటే మాట, కొట్టివేత. హైకోర్టు ఎఫ్‌ఐఆర్‌ను క్వాష్ చేస్తే నిందితుడు బయటపడ్డట్టు. ఆ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేయమని అతను వేసుకున్న పిటిషన్‌ను డిస్మిస్ చేస్తే ఇరుక్కున్నట్టు. ‘ఫలానావారి కేసులో క్వాష్ పిటిషన్ కొట్టివేత’ అన్న హెడ్డింగ్ చదివి ఎంతమంది ఆయన గెలిచాడనుకుంటారో! కొట్టేసింది కేసునా, పిటిషన్‌నా అన్నది మొదటి వాక్యంలోనే తేలిపోవాలి. తేలకపోతే ఆ కాపీని నేను కిందకు పంపను.

అరెస్టు విషయంలో మాత్రం తెలుగే నయం. ‘అదుపులోకి తీసుకున్నారు’, ‘అరెస్టు చేశారు’ అని మనం విడదీసి రాయగలం. ఇంగ్లిష్ హెడ్డింగ్‌లలో చోటు కోసం రెంటికీ ‘హెల్డ్’ అని వేసేస్తారు. హెడ్డింగ్ చూసి ‘అరెస్టు’ అని రాసేయకుండా కాపీ కిందిదాకా చదవాలి. నోటీసిచ్చి, ప్రశ్నించి, సాయంత్రానికి ఇంటికి పంపేసిన మనిషి మన పేపర్లో అరెస్టయితే, వీధిలో అతని మొహం చూసేవాళ్లకు ఎవరు సర్దిచెబుతారు?

బిజినెస్ పేజీలో ‘పర్సెంట్’కూ ‘పర్సెంటేజ్ పాయింట్’కూ తేడా మరో సంగతి. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 6.25 శాతానికి దించింది. అది పావు శాతం పాయింటు తగ్గడం. 6.50లో 0.25 శాతం తగ్గడం కాదు. పాత రేటుతో పోలిస్తే తగ్గినది దాదాపు 3.8 శాతం. ‘6.50 నుంచి 6.25కు’ అని రెండు అంకెలూ ఇచ్చేస్తే గొడవే ఉండదు.

భూకంపం వార్తల్లో మాత్రం తప్పు మన భాషలోనే స్థిరపడిపోయింది. ‘మాగ్నిట్యూడ్’కు తీవ్రత అంటాం, ‘ఇంటెన్సిటీ’కీ తీవ్రతే అంటాం. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం మాగ్నిట్యూడ్ 5.3. అది భూకంపం మొత్తానికీ ఒకే అంకె, భూమి లోపల జరిగినదాని కొలత. అది ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఇంటెన్సిటీ ఊరూరికీ మారుతుంది. ఒక్కొక్క చోట నేల ఎంత ఊగింది, గోడలకు ఏమైంది అన్నదాన్ని బట్టి ఒకటి నుంచి పన్నెండు దాకా రోమన్ అంకెల్లో ఇస్తారు. బల్బు వాట్లు మాగ్నిట్యూడ్ అనుకుంటే, గదిలో మీరు కూర్చున్న మూలకు చేరిన వెలుతురు ఇంటెన్సిటీ. ఆ రోజు హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా జనానికి ప్రకంపనలు తెలిశాయి. కానీ ‘హైదరాబాద్‌లో 5.3 తీవ్రతతో భూకంపం’ అని రాస్తే పూర్తిగా తప్పు. 5.3 హైదరాబాద్‌ది కాదు.

భౌతికశాస్త్రం తెలుగు పాఠ్యపుస్తకాల్లో మాగ్నిట్యూడ్‌కు ‘పరిమాణం’ అనే మాట ఉంది. పేపర్లో అది ఇంకా నలగలేదు. ఈలోగా నా పేజీలో ‘భూకంప పరిమాణం 5.3’ అని వేయిస్తున్నాను. ఏ ఊళ్లో ఏం ఊగింది, ఏ గోడ బీటలిచ్చింది అన్నది విలేకరి చూసి పంపితే, అంకె జోలికి పోకుండా దాన్ని విడిగా ఇస్తున్నాను.