ఎల్విరా ఓట్లు – గయానా చెరసాల

వి.ఎస్. నైపాల్ 1958లో ప్రచురించిన ‘ది సఫ్రేజ్ ఆఫ్ ఎల్విరా’ నవలను చదివినవారు సాధారణంగా హాస్యరచనగా చదివి, నవ్వుకుని, పక్కన పెడతారు. ఆ నవ్వులో తప్పు లేదు. నవల నిజంగానే నవ్విస్తుంది. కాని పాలకుణ్ణి జాతి చూసి ఎన్నుకునే జనాన్ని రచయిత ఎలా చూపాడు, ఆ చూపులో ఏది కనపడింది, ఏది కనపడలేదు అనే ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. వాస్తవికత గురించి మాట్లాడే మనకు ఇది చిన్న ప్రశ్న కాదు.

కథాస్థలం ట్రినిడాడ్ ద్వీపం. కాలం 1950. వయోజన ఓటుహక్కు 1946లో వచ్చింది. ఇది దానికింద జరిగే రెండో ఎన్నిక. అభ్యర్థి హర్బన్స్ హిందువు. హిందువుల ఓట్లు కంసాలి చిత్తరంజన్ చేతిలో ఉన్నాయి, ముస్లింల ఓట్లు దర్జీ బక్ష్ చేతిలో ఉన్నాయి. ఎదుట నిలబడ్డవాడు ప్రీచర్ అనే నల్లవాడు. ఇన్ని వేలమంది హిందువులు, ఇన్ని వేలమంది నల్లవారు, ఇంతమంది ముస్లింలు, ఇంతమంది స్పానిష్‌వారు అని ముందే లెక్క తేలిపోయింది. ఇక మిగిలింది బేరమే. బక్ష్ తన కొడుకును మైకు వ్యానులో ఎక్కించి ప్రచారం చేయిస్తాడు. చిత్తరంజన్ తన కూతురిని హర్బన్స్ ఇంటి కోడలిని చెయ్యాలని చూస్తాడు. ఓట్లు పడ్డాక హర్బన్స్‌కు ఆ సంబంధం గుర్తుండదు. కులం పేరు పెట్టి చదువుకుంటే తెలుగు పాఠకుడికి ఇదంతా బాగా తెలిసిన వ్యవహారమే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రచయిత అందించిన వివరాలు రచయిత అభిప్రాయాన్నే ఖండిస్తున్నాయి. జాతి ఓటు రక్తంలో ఉంటే దానికి దళారీ ఎందుకు? బక్ష్‌కు డబ్బెందుకు ఇవ్వాలి? లోర్ఖూర్ అనే హిందువు ప్రీచర్ తరపున ప్రచారం చేసి, చివరకు హర్బన్స్ డబ్బుకు అమ్ముడుపోతాడే, అతని రక్తం మొదట ఏమయింది? ఎల్విరాలో జాతి ఓటు ఒక సరుకు. దాన్ని కూడబెట్టేవాడు ఒకడు, కొనేవాడు ఇంకొకడు. ఈ సత్యం నవల నిండా ఉంది. నైపాల్ మాత్రం దాన్ని ప్రజాస్వామ్యానికి తగని జనం చేసే వేళాకోళంగా ముగించాడు. పైగా కాలినడకన ఇల్లిల్లూ తిరిగే ప్రీచర్‌ను మనం ఎప్పుడూ దూరం నుంచే చూస్తాం. అతనికి ఓటేసేవారి ఇళ్ళలోకి కథనం అడుగుపెట్టదు. సగం ఊరిని బయటినుంచి చూసి ఊరంతా ఇంతే అనడం శిల్పలోపమే కాదు, దృక్పథలోపం.

ఇంతకూ ఈ రెండు జాతులను ఒకే గడ్డమీద ఎదురెదురుగా నిలబెట్టిందెవరు? దీనికి జవాబు ట్రినిడాడ్‌కంటె, అలాంటి చెరకుతోటల మీదే బతికిన పొరుగు వలస బ్రిటిష్ గయానాలో స్పష్టంగా దొరుకుతుంది. 1838లో ఆఫ్రికన్ బానిసలకు పూర్తి విముక్తి వచ్చింది. ఆ సంవత్సరమే మొదటి భారతీయ కూలీల ఓడలు దిగాయి. 1917 దాకా అలా వచ్చినవారు 2 లక్షల 30 వేలకు పైచిలుకు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి వెళ్ళారు. మద్రాసు రేవులో ఎక్కినవారిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ వాళ్ళందరికీ ఒకటే పేరు, మద్రాసీలు. విముక్తుడైన నల్లవాడు కూలి పెంచమంటే తోటదొర ఒప్పందపు కూలీని చూపించి బెదిరించాడు. ఒప్పందపు కూలీ ఎదురుతిరిగితే చట్టం చూపించి జైల్లో పెట్టాడు. తరాలు గడిచేసరికి ఒకరు చెరకుతోటల్లోనూ వరిపొలాల్లోనూ, మరొకరు పట్నాల్లోనూ పోలీసు కొలువుల్లోనూ స్థిరపడ్డారు. ఎన్నికల పెట్టె రావడానికి వందేళ్ళ ముందే ఓటు విభజన జరిగిపోయిందన్నమాట.

అయినా 1953 ఏప్రిల్‌లో, అక్కడి తొలి వయోజన ఓటుహక్కు ఎన్నికలో, ఆ విభజన నిలవలేదు. తోటకూలీల కొడుకైన దంతవైద్యుడు చెడ్డీ జగన్, నల్లజాతి న్యాయవాది ఫోర్బ్స్ బర్నమ్ ఒకే పార్టీలో నిలబడ్డారు. 24 స్థానాల్లో 18 గెలిచారు. 133 రోజులకే బ్రిటన్ సైన్యాన్ని దించి రాజ్యాంగాన్ని రద్దుచేసింది. జాతి చూడకుండా ఓటేసిన జనానికి దొరికిన బహుమానం ఇది. నైపాల్ నవల వచ్చేనాటికి ఈ ఘటన జరిగి అయిదేళ్ళు.

అప్పుడు నిర్బంధంలో పెట్టినవారిలో కవి మార్టిన్ కార్టర్ ఒకడు. మరుసటి సంవత్సరం లండన్‌లో అచ్చయిన అతని ప్రతిఘటన కవితల్లో ‘నేను’ అన్న మాట మాటిమాటికీ వస్తుంది. ఆ ‘నేను’ జాతిలేని గాలిమనిషి కాదు. నల్ల బానిసల వాడలోనే పుట్టాననీ, అక్కడినుంచే లోకంలోకి నడిచి వచ్చాననీ చెప్పుకుంటాడు. జాతిని దాచిపెట్టి ఐక్యతను చాటే కవిత్వం మన దగ్గరా బోలెడు వచ్చింది, చప్పగా తేలిపోయింది. కార్టర్ జాతి అవమానాన్ని పునాదిగా చేసుకుని దానిమీద విశాలమైన మానవుణ్ణి నిలబెట్టాడు. అందుకే అతని ఆవేశం నినాదంగా మారలేదు.

అయితే ఆ కవితలకు ఒక హద్దుంది. సైనికుడి బూటు చప్పుడు విన్న కవి, పక్కనున్న సహచరుడి మనసులో మొదలైన లెక్కను వినలేదు. 1955లో పార్టీ చీలింది. 1957లో జగన్ అనుచరుల్లోంచే ‘అపన్ జాత్’, మనవాడికే ఓటు, అన్న కేక లేచింది. దీన్ని కేవలం సామ్రాజ్యవాదుల కుట్ర అని సరిపెట్టుకునే మన అలవాటు మానుకోవాలి. కుట్ర జరగలేదని కాదు. 1963లో 80 రోజుల సమ్మెకు అమెరికా డబ్బు చేరింది. జగన్‌ను దించడానికే దామాషా ఎన్నికల పద్ధతిని రుద్దారు. 1964లో 45.8 శాతం ఓట్లు వచ్చినా జగన్ ప్రతిపక్షంలో కూర్చున్నాడు. కెనడీ సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ 1990లో జగన్‌కు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఇదంతా నిజమే. కాని 1964లో విస్మార్‌లో భారతీయుల ఇళ్ళు తగలబెట్టినవాళ్ళు, సన్ చాప్‌మన్ లాంచిలో బాంబు పేలి 40 మందికి పైగా ఆఫ్రికన్లు చచ్చిపోతే లోలోపల సంతోషించినవాళ్ళు లండన్‌నుంచి దిగిరాలేదు. కార్టర్ సైతం 1967లో బర్నమ్ మంత్రివర్గంలో చేరి, 1970లో బయటికొచ్చాడు. అభిమానం కొద్దీ విమర్శకులు ఆ మూడేళ్ళను దాటవేయనక్కర లేదు. అటు తర్వాత అతని కవిత కురచబడింది, మాట పొదుపయింది. నా దృష్టిలో అది అలసట కాదు, తొలి కవితలకు కవి తానే రాసుకున్న విమర్శ.

నవలాకారుడూ కవీ చెరో సగం చూసి వదిలిన పనిని చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ తలకెత్తుకున్నాడు. గయానా శ్రామికుల చరిత్ర రాస్తూ ఆఫ్రికన్ల కూలినీ భారతీయుల కూలినీ ఒకే పుస్తకంలో, పక్కపక్కన పెట్టి చూపాడు. రెండు జాతులవారినీ ఒకే వేదిక మీదికి తెచ్చే పార్టీలో పనిచేశాడు. 1980 జూన్ 13న జార్జ్‌టౌన్‌లో కారులో బాంబు పేలి చనిపోయాడు. ఆ పుస్తకం మరుసటి ఏడు వెలువడింది.

దొంగ ఎన్నికల యుగం ముగిసి జగన్ మళ్ళీ అధికారంలోకి వచ్చింది 1992లో, 28 ఏళ్ళ తర్వాత. అప్పుడూ ఓట్లు చాలావరకు జాతి గీత వెంబడే పడ్డాయి. 2020 మార్చి ఎన్నికల ఫలితం ఆగస్టు దాకా తేలకపోవడానికి ఆ గీతే మూలం. నైపాల్ అభిమానులు దీన్ని చూపించి, చూశారా, ఆయన అన్నదే నిజమయింది అంటారు. ఎల్విరాలో ఏ ఓటు ఎవరిదో నైపాల్ పొరపాటు లేకుండా లెక్కపెట్టిన మాట నిజమే. 1953లో కలిసి పడిన ఓట్లను కూడా ఆ లెక్కలో వేసుకుని, అవి ఎలా విడిపోయాయో ఇంటింటా చూపగల నవలను ఆయన రాయలేదు. ఆయన గయానా వెళ్ళాడు, జగన్ దంపతుల వెంట పల్లెలు తిరిగాడు, 1962లో యాత్రాగ్రంథమూ రాశాడు. అంటే ముడిసరుకు చేతిలోనే ఉంది.