ఉత్తరం అక్కడ, చదువు ఇక్కడ

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో ఈమెయిల్ చూసుకోవాలంటే బ్రౌజరును నమ్ముకోకూడదు. కొల్లేరు చేపల చెరువులు మొదలయ్యాక సిగ్నల్ ఒక గట్టు దగ్గర ఉంటుంది, ఇంకో గట్టు దగ్గర ఉండదు. మెయిల్ పేజీ తన బొమ్మలూ బొత్తాలూ మోసుకొచ్చేలోపు మనం దిగాల్సిన ఊరు వచ్చేస్తుంది. నేను నమ్ముకున్నది రెండు వరుసల షెల్ స్క్రిప్టుని.

దానికి ‘టపా’ అని పేరు పెట్టుకున్నాను. ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ తెరిచి ఆ పేరు కొడితే, ఎక్కడో డేటా సెంటర్లో నేను అద్దెకు తీసుకున్న లినక్స్ యంత్రంలోకి ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిన వెళ్ళి, అక్కడ మట్ అనే మెయిల్ ప్రోగ్రామును లేపుతుంది. ఉత్తరాలు అక్కడే ఉంటాయి. ఇటు వచ్చేవి తెర మీది అక్షరాలే. ఇంట్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ‘ఏమొచ్చాయిరా, పేర్లు చదువు’ అన్నట్టు. అటాచ్‌మెంట్ ఎంత బరువున్నా బరువంతా అవతలి యంత్రానిదే.

స్క్రిప్టులో మెళకువంతా ‘హైఫన్ టీ’ అన్న చిన్న గుర్తులో ఉంది. అది లేకపోతే అవతలి యంత్రం టెర్మినల్ ఇవ్వదు, టెర్మినల్ లేనిదే మట్ నడవదు. మట్‌ని టీమక్స్ అనే ఇంకో ప్రోగ్రాము లోపల నడిపితే మధ్యలో లైను తెగినా సెషన్ బతికే ఉంటుంది. సగం రాసిన జవాబు అలాగే ఆగి ఉంటుంది. ఏలూరు–తాడేపల్లిగూడెం రైల్లో, భీమడోలు దాటుతూ టవర్లు మారేటప్పుడు, ఎస్‌ఎస్‌హెచ్ బదులు మోష్ ఇంకా మేలు. 2012లో ఎంఐటీ వాళ్ళు తెచ్చిన ఈ ప్రోగ్రాము ఫోను ఐపీ చిరునామా మారినా పట్టు వదలదు.

స్క్రిప్టులో పాస్‌వర్డు మాత్రం రాయకూడదు. దానికి కీ జత ఉంది. అసలు ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే పాస్‌వర్డుల దొంగతనం వల్ల: 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో వాటిని కాజేస్తే, అక్కడి టాటూ యులోనెన్ దీన్ని రాశాడు.

అదే ఏడాది ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అందులో చవక రకం షెల్ ఖాతా. మోడెమ్‌తో వాళ్ళ యంత్రంలోకి దిగి, అక్కడే మెయిల్ చదువుకోవాల్సి వచ్చేది. అంటే నా టపా చేసే పనే. కాకపోతే సదుపాయం ముందు మహానగరాలకే వచ్చింది. ఏలూరు నుంచి దిగాలంటే ఎస్టీడీ బిల్లు భరించాల్సి వచ్చేది.

టెర్మినల్‌కి తెలుగు మాత్రం ఇంకా సరిగ్గా ఒంటబట్టలేదు. ఒక్కో గుర్తుకు ఇన్ని గడులని లెక్కగట్టి అల్లిన తెర అది. ‘స్త్రీ’ వచ్చిందంటే ఎన్ని గడులివ్వాలో తేల్చుకోలేక వరుసంతా చెదరగొడుతుంది. అలాంటి ఉత్తరాలకు మట్‌లో జెండా గుర్తు పెట్టి, ఇంటికొచ్చాక కంప్యూటర్లో తెరుస్తాను. జవాబు మాత్రం బస్సులోనే, తెలుగులోనే కొడతాను. నా తెర మీద ఎలా చెదిరినా, అందుకునేవాళ్ళకు సరిగ్గానే కనిపిస్తుంది.