సగం గ్లాసు టీ

ఆదివారం పొద్దున, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు కలుసుకునే కమ్యూనిటీ హాలు గడప దగ్గర ఓ పెద్దాయన కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. వెనకున్న టీచరమ్మ (ఆవిడకీ పార్కిన్సన్సే) తన చేతికర్రను ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టి, "దాటండి బాబాయ్‌గారూ, ఒకటీ... రెండూ..." అన్నారు. దాటేశారు! డోపమిన్ తగ్గి తనంతట తాను సాగని నడకకు కంటి ముందో గీత, చెవికో తాళం ఆసరా.

1817లోనే జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించాడు. మందులూ వచ్చాయి. అయితే లెవోడోపా మాత్ర పప్పన్నంతో కలిస్తే కొందరికి సరిగా ఒంటపట్టదని, చొక్కాకి గుండీల బదులు వెల్క్రో కుట్టించుకోవచ్చని నాకు తెలిసింది ఈ హాల్లోని కుర్చీల మధ్యే.

ఇక్కడ టీ సగం గ్లాసే పోస్తారు. చెయ్యి వణికినా తొణకదు. కావాలంటే మళ్లీ పోస్తారు, అడక్కుండానే.