మాండొలిన్ నాదం: పికప్ పాలెంత, చేతి పాలెంత?

తీగ వాద్యానికి విద్యుత్తు తోడైతే నాదం చెడుతుందని కొందరి వాదం. మంచి పికప్ బిగిస్తే ఎటువంటి వాద్యమైనా తీయగా పలుకుతుందని మరికొందరి నమ్మకం. ఈ రెంటినీ పరీక్షించడానికి తెలుగువారికి దొరికిన చక్కని ఉదాహరణ ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్. 1969లో పాలకొల్లులో జన్మించి, 2014లో చెన్నైలో కన్నుమూసిన ఈ విద్వాంసులు ఒక పాశ్చాత్య వాద్యాన్ని కర్ణాటక సంగీత వేదికపై నిలబెట్టారు.

మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల పొట్టి తీగలుంటాయి. మీటిన ధ్వని త్వరగా అణగిపోతుంది. అందుచేత పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా పదే పదే మీటి నిలుపుతారు. కర్ణాటక సంగీతానికి ఇది చాలదు. ఒక్క మీటుతో రెండు మూడు స్వరాల మీదుగా గమకం సాగాలి. పైగా జత తీగలను కలిపి జరిపేటప్పుడు వాటి బిగువులో ఏమాత్రం తేడా వచ్చినా విస్పందనాలు పుట్టి స్వరం వణుకుతుంది. శ్రీనివాస్ జత తీగలను విడిచి ఐదు ఒంటి తీగలను, బోలు పెట్టెను విడిచి గట్టి చెక్క దేహాన్ని ఎన్నుకున్నారు. గట్టి చెక్క తీగనుండి శక్తిని తక్కువగా గుంజుకుంటుంది. కనుక తీగ ఎక్కువసేపు కంపిస్తుంది. అయితే ఆ చెక్క గాలిని కదిలించలేదు, ధ్వని వినబడదు. కాబట్టి ఇక్కడ విద్యుత్తు ఆడంబరం కాదు, అవసరం.

విద్యుత్ గిటారు పికప్‌కు మూలం 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దానిపైన ఉక్కు తీగ కంపించినప్పుడు చుట్టలో విద్యుత్తు ప్రేరితమౌతుంది. ఇత్తడి, నైలాన్ తీగలను ఇది పట్టుకోలేదు. అమెరికాలో 1931లో జార్జి బోషాం ఈ పద్ధతిని గిటారుకు అమర్చాడు. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, విద్యుత్ లైన్లనుండి వచ్చే గుయ్యిమనే రొదను అణచివేశాడు. 1972లో లారీ డిమార్జియో పాతదాన్ని తీసి బిగించుకోదగిన పికప్‌ను విడిగా అమ్మకానికి పెట్టాడు. అక్కడినుంచి ‘నాదం బాగుండాలంటే పికప్ మార్చు’ అన్నది వాద్యకారులలో మంత్రమైపోయింది.

ఈ మంత్రం ఎంతవరకు నిజం? చుట్టకు ప్రేరకత్వం ఉన్నది. ఆంప్లిఫయరుకు పోయే కేబులుకు కెపాసిటీ ఉన్నది. రెండూ కలిసి ఒక పౌనఃపున్యం వద్ద అనునాదం చెందుతాయి. ప్రేరకత్వం 2.5 హెన్రీలు, కెపాసిటీ 600 పికోఫారడ్‌లు అనుకుంటే, ఆ పౌనఃపున్యం సుమారు 4,100 హెర్ట్జ్‌లు. చుట్లు పెంచి ప్రేరకత్వాన్ని 5 హెన్రీలు చేస్తే అది 2,900కు దిగుతుంది. ధ్వని బిగ్గరౌతుంది, కాని దానికి పైనున్న అనుస్వరాలు సన్నగిల్లి తళుకు తగ్గుతుంది. పొడవైన కేబులు తగిలించినా ఫలితం ఇటువంటిదే. అంటే కొత్త పికప్ తెచ్చేది మెరుగు అనడం కంటె, అనుస్వరాలలో కొన్నింటిని ఎన్నుకోవడం అనడం సత్యం.

పికప్ ఉన్న చోటు కూడా ముఖ్యమే. తీగ పొడవు 36 సెంటీమీటర్లు, పికప్ గుర్రానికి 4.5 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. ఖాళీ తీగకు అది ఎనిమిదవ వంతు. ఎనిమిదవ అనుస్వరానికి అక్కడ అస్పందన స్థానం, కనుక అది వినబడదు. వేలుతో తీగను సగానికి నొక్కితే అదే చోటు నాలుగవ వంతు. ఇప్పుడు పోయేది నాలుగవ అనుస్వరం. పికప్ కదలదు, వేలు కదులుతుంది. కాబట్టి గమకం సాగుతున్నంతసేపూ నాదగుణం మారుతూనే ఉంటుంది. ఆ మార్పును అతుకు కనబడకుండా చేయవలసినది చేయి మాత్రమే. శ్రీనివాస్ ప్రతిభ ఇక్కడే ప్రకాశిస్తుంది.

1995లో రియల్ వరల్డ్ సంస్థ ‘డ్రీమ్’ పేరుతో ఆయనదీ మైకేల్ బ్రూక్‌దీ కలిపి ఒక సంపుటం వెలువరించింది. తీగ కంపనాన్ని ఎలక్ట్రానిక్ సాధనంతో తిరిగి తీగకే అందించి, స్వరం ఎంతసేపైనా ఆగకుండా చేసే గిటారును బ్రూక్ రూపొందించాడు. ఆ ధ్వనులు మనోహరమే. అయితే స్వరం ఆరకపోతే తరువాతి మీటుకు విలువ తగ్గుతుంది. కచేరీలో శ్రీనివాస్ స్వరం ఆరే లోపల గమకం పూర్తి చేస్తారు. ఆ తొందరలోనే జీవం ఉన్నది. ఆయన వాద్యంలో లోటు లేకపోలేదు. పనస కర్రతో తొలిచిన వీణ కుండ ఇచ్చే గంభీరత దీనికి రాదు. ఏ పికప్ మార్చినా రాదు. తీగలో లేనిదాన్ని చుట్ట పుట్టించలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలోని కైరుప్పల వంటి ఊళ్ళో గిటారు నేర్చే విద్యార్థికి ఈ విచారణ డబ్బు ఆదా చేస్తుంది. కొమ్ము లౌడుస్పీకరు మంద్ర ధ్వనులను సరిగా పలికించలేదు. దానిలో వింటూ పికప్ గుణదోషాలు నిర్ణయించడం వృథా. ముందు తుప్పు పట్టిన తీగలు మార్చాలి. పిమ్మట పికప్ ఎత్తు సవరించాలి. అయస్కాంతం మరీ దగ్గరైతే తీగను లాగి శ్రుతిని చెడగొడుతుంది. తరువాత కేబులును పరీక్షించాలి. అప్పటికీ తృప్తి లేకుంటేనే కొత్త పికప్ సంగతి. ఉపాధ్యాయులు ఒక అయస్కాంతం, ఎనామెల్ పూత గల సన్నని రాగి తీగ చుట్ట, బిగించిన ఉక్కు తీగ, చిన్న ఆంప్లిఫయరు సమకూర్చి, చుట్టను తీగ వెంట జరిపి చూపితే, అనుస్వరాల పాఠం విద్యార్థుల చెవికే అందుతుంది.