రూడిస్టుల పుస్తకానికి రెండు మాటలు

తెలుగులో విజ్ఞానగ్రంథమంటే ఇంగ్లీషు పాఠ్యపుస్తకానికి చెయ్యి తిరగని అనువాదమనే అభిప్రాయం చాలామందికి ఇంకా పోలేదు. ఈ పుస్తకం చదివితే కొంతైనా పోతుంది. ఒమాన్‌లోని ఇబ్రిలో ఉద్యోగం చేసుకుంటూ, శుక్రవారం రాగానే కొండల దారి పట్టే మా చిరంజీవి రాసినది. నా శిష్యుడే, అయినా మార్కులు చూసే వేశాను.

రూడిస్టులు ఆల్చిప్పలకు దాయాదులు. కాకపోతే రెండు చిప్పలూ ఒక తీరువి కావు. ఒకటి కొమ్ములా పొడుగ్గా ఎదిగి సముద్రపు అడుగున పాతుకుంటుంది, రెండోది దానికి మూత. జురాసిక్ చివర్లో పుట్టి, క్రెటేషియస్ కాలపు వెచ్చటి, లోతు తక్కువ సముద్రాల్లో గుంపులుగా బతికి, ఆ యుగం ముగిసేసరికి పేరు లేకుండా పోయాయి. బురైమీ దగ్గరి జెబెల్ హువయ్యాలో ఎండకు తెల్లబోయిన సున్నపురాతిలో ఇప్పుడు కనిపిస్తాయి. అడ్డంగా తెగిన ఒక చిప్పలో గోడ మందమెంతో, అందులో గదులు ఎలా అల్లుకున్నాయో రచయిత రెండు పేజీల్లో వేలుపెట్టి చూపించాడు. తొందరపడకుండా చదవాల్సిన పేజీలవి.

పుస్తకానికి ప్రాణం మాత్రం టోరైటెస్ అనే రూడిస్టు గురించిన అధ్యాయం. ఒమాన్‌లో దొరికిన, 7 కోట్ల ఏళ్ల నాటి ఒకే ఒక్క చిప్పను బ్రస్సెల్స్ శాస్త్రజ్ఞుడు నీల్స్ డి వింటర్ బృందం లేజర్‌తో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించింది. ఆ జీవి తొమ్మిదేళ్ళకు పైగా బతికింది, రోజుకో పొర వేసుకుంటూ. ఏడాదికి పొరలు లెక్కపెడితే 372! అంటే అప్పటి రోజుకు 23 గంటల 30 నిమిషాలే. చంద్రుడి వల్ల కలిగే ఆటుపోట్లు భూమి తిరుగుడును అప్పటినుంచీ మందగింపజేస్తూనే ఉన్నాయి. వేసవిలో ఆ సముద్రపు నీరు 40 డిగ్రీలు దాటేదట. ఒమాన్ ఎండ కొత్తది కాదన్నమాట.

ఒక్క లోటు. ఇబ్రికి దక్షిణాన 1964లో ఫహూద్‌లో బయటపడ్డ చమురు నతీహ్ సున్నపురాతిలో ఉంది. రూడిస్టుల చిప్పముక్కలు కలిసిన రాయి అది. దాని సంగతి అరపేజీలో తేల్చేశాడు. గల్ఫ్ జీతాల మీద ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్ళకు ఆ సంగతే ఎక్కువ కావాలి. రెండో ముద్రణలో పెంచమని ఆజ్ఞ.

మన రాజమండ్రి పక్కన పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో లావా పొరల మధ్య సముద్రపు గవ్వలున్నాయి. రూడిస్టులు కావు గానీ, ఆ యుగాంతపు కథ చెప్పేవే. ఈ పుస్తకం చదివాక పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూడండి. సుత్తి మాత్రం ఇంట్లోనే వదిలిపెట్టండి.